బడి ఆవరణకు సిమెంటు పోసేముందు

చెన్నైకి ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. వానల ముందు బడి కమిటీల్లో తరచూ ఒక మాట వినిపిస్తుంది: 'ఆవరణంతా బురదవుతోంది, పిల్లలు జారి పడుతున్నారు, సిమెంటు పోయించేద్దాం.' తల్లిదండ్రుల ఆందోళనలో తప్పులేదు. కానీ ఆ సిమెంటు ఖర్చు కాంట్రాక్టరు బిల్లుతో తీరిపోదు. ఇంకాల్సిన నీరు వీధిలోకి పోతుంది, అక్కడి నుంచి పల్లంలో ఉన్నవారి ఇళ్లలోకి చేరుతుంది. వేసవిలో అదే బడి ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంది.

ఈ రెండు బాధలనూ చెన్నై నాలుగేళ్ల వ్యవధిలోనే చూసింది. 2015 డిసెంబరు మొదట్లో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగింది. 2019 వేసవిలో నగరానికి నీరిచ్చే చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తేవలసి వచ్చింది. వాననీటి సేకరణ ఏర్పాటు ప్రతి భవనానికీ ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2003లోనే తప్పనిసరి చేసింది. చాలాచోట్ల గొట్టాలు, గుంతలు అమరాయి. ఆ తరువాత పూడిక తీసేవారు లేక అవి మూసుకుపోయాయి. చట్టం గుంత తవ్వించగలిగింది గానీ, ఏటా దాన్ని శుభ్రం చేయించలేకపోయింది.

లాభం ఎంతో లెక్క వేద్దాం. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 500 చదరపు మీటర్ల డాబాపై పడేది 7 లక్షల లీటర్లు. వృథా పోగా 80 శాతం దక్కినా 5 లక్షల 60 వేలు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు 46కు పైనే. ఆ నీరంతా తిరిగి మన బోరులోకే రాదు, పక్కవారి బావుల్లోకీ చేరుతుంది. మంచిదే. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. ఖర్చు బడిది, ఫలితం వీధి మొత్తానిది. అందుకే ఈ ఖర్చులో వాటా అడగడానికి బడి కమిటీలు మొహమాటపడనక్కరలేదు. అర్జీ పెట్టేటప్పుడు ఈ లెక్కనే కార్పొరేషన్ ముందుంచాలి.

ఖర్చునూ దాచకుండా చెప్పుకోవాలి. గుంత తవ్వించి కంకర, ఇసుక నింపించడం ఒక్కసారి పని. డాబా ఊడవడం, జల్లెడ కడగడం, పై ఇసుక తీసి మార్చడం ఏటేటా ఉండే పని. వడపోత లేకుండా డాబా నీటిని బోరులోకి వదిలితే మురికి నేరుగా భూగర్భజలంలో కలుస్తుంది. మూత గట్టిగా లేకపోతే పిల్లలకు ప్రమాదం, నీరు నిలిస్తే దోమలు. బంకమట్టి నేలలో ఇంకడం ఆలస్యం. యానాంలాగా నది ఒడ్డున, కొద్ది లోతులోనే నీరు తగిలేచోట ఇంకుడు గుంతకన్నా నిల్వతొట్టి మేలు. వాన చెన్నై కంటే చాలా తక్కువ ఉండే షోలాపూర్‌లో లెక్క మళ్లీ వేరు. 2015 నాటి వానను ఏ గుంతా ఆపలేదు. పెద్ద కాలువలు, చెరువులు ఉండి తీరాలి. మామూలు వానలకు వీధి మునగకుండా కొంత భారం తగ్గించడమే గుంత చేయగల పని.

ఇంత శ్రమ మనకెందుకు అనిపించవచ్చు. చెన్నై తాగునీటి కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల నుంచి చెరి 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. ఆ నీరు తెలుగుగంగ కాలువ మీదుగా, కరవు సీమను దాటి పూండికి చేరుతుంది. అంత దూరం నుంచి నీళ్లు తెచ్చుకుంటున్న ఊళ్లో, డాబా మీద పడిన నీటిని కాలువలోకి వదిలేయడం న్యాయంగా లేదు.

మా సూచన ఇది. పిల్లలు నడిచే దారి మేరకే గట్టి నేల వేయించండి. ఆడుకునే చోటును మట్టిగానే ఉంచి, బురద కాకుండా వాలు సరిచేసి ఇసుక పోయించండి. డాబా నీటిని గుంతకు మళ్లించండి. గుంత తవ్వించే తీర్మానంలోనే దాని నిర్వహణకు ఏటా ఎంత తీసిపెట్టాలో, సెప్టెంబరులో పూడిక తీయించే బాధ్యత ఎవరిదో రాయండి. ఆ రెండు వాక్యాలు లేని తీర్మానంపై సంతకం చేయకండి.

ఉపాధ్యాయులకు ఒక మాట. నిటారు అంచుల సీసా ఒకటి డాబాపై పెట్టి, రోజూ వాన కొలిచి తెలుగులో నల్లబల్లపై రాయించండి. డాబా వైశాల్యంతో గుణించే పని పిల్లలకు వదలండి. బడి నీటి లెక్క వాళ్ల నోట విన్నాక కమిటీలో చర్చ ఇంకాస్త తేలికవుతుంది.