అత్తయ్యగారి గడ్డ – ఎలుక కొవ్వు

ఈ వారం పొయ్యి దగ్గర నుంచి కాస్త ఇవతలికి వచ్చి ఓ ఎలుక సంగతి చెబుతాను. ముఖం చిట్లించుకోకండి. మా అత్తయ్యగారి ఇన్సులిన్‌కీ దానికీ దగ్గర సంబంధమే ఉంది.

అత్తయ్యగారికి 70 దాటాయి. రోజూ రెండు పూటలా ఇన్సులిన్. సూది వేసేది నేనే. "బొడ్డుకి కుడిపక్కన వెయ్యమ్మా, అక్కడైతే నొప్పి తెలీదు" అనేవారు. సరేనని ఏళ్ళ తరబడి అక్కడే వేశాను. పోనుపోను అక్కడ నిమ్మకాయంత మెత్తటి గడ్డ తేలింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం. షుగరు మాత్రం ఒకరోజు 300, మరోరోజు 90. డోసు పెరుగుతూ పోయింది. "మళ్ళీ లడ్డూ తిన్నారు కదూ?" అని ఆవిడని ఎన్నిసార్లు సాధించానో! పాపం, ఆవిడ ఏమీ తినలేదు. చివరికి ఓ డాక్టరుగారు పొట్ట తడిమి చూసి, "దొంగ ఇక్కడున్నాడమ్మా" అన్నారు.

కొవ్వంటే డబ్బాలో పేరిన నెయ్యిలాంటిదని మనం అనుకుంటాం. కానే కాదు. అది ప్రాణమున్న కణాల గుంపు, చెప్పిన మాట వింటుంది. అమెరికాలో మార్టిన్ రోడ్‌బెల్ అనే శాస్త్రవేత్త 1964లో ఎలుక కొవ్వును ఒక ఎంజైముతో నానబెట్టి, కణాలను విడివిడిగా తీశారు. పాల మీద మీగడలా అవి పైకి తేలాయి. వాటికి ఒక్కో హార్మోనూ కలిపి ఏం జరుగుతుందో చూశారు.

ఇన్సులిన్ కలిపితే కణాలు గ్లూకోజును లోపలికి లాక్కుని కొవ్వుగా దాచుకున్నాయి. ఎడ్రినలిన్ కలిపితే దాచుకున్న కొవ్వును విడగొట్టి బయటికి వదిలాయి. మన కొట్టుగది లెక్కే అనుకోండి. ఇన్సులిన్ "సరుకు లోపల పెట్టి తలుపెయ్యి" అంటుంది. ఎడ్రినలిన్ "తీసి బయటపెట్టు" అంటుంది. ఆ మాట కణం లోపలికి ఎలా చేరుతుందో వెతుక్కుంటూ వెళ్ళిన రోడ్‌బెల్‌కు 1994లో, ఆల్ఫ్రెడ్ గిల్మన్‌తో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది.

కాఫీలో ఉండే కెఫీన్ కూడా గాజు గొట్టంలోని ఎలుక కణాల చేత కొవ్వు వదిలిస్తుంది. ఇది చెప్పగానే మా ఆడపడుచు "అయితే ఇంకో గ్లాసు కలుపు వదినా, సన్నబడతా" అంది. ఆ ఆశ పెట్టుకోకండి. గొట్టంలో పోసే మోతాదు, మనం తాగే కాఫీ వల్ల రక్తంలో చేరేదానికంటే చాలా ఎక్కువ. పైగా మన గ్లాసులో పాలూ పంచదారా ఉంటాయాయె!

ఇక గడ్డ సంగతి. ఒకేచోట రోజూ ఇన్సులిన్ పడుతుంటే అక్కడి కొవ్వు కణాలకు రోజూ "దాచు, దాచు" అన్న మాటే వినబడుతుంది. మాటిమాటికీ సూది దెబ్బ కూడా తోడై ఆ చోటు ఉబ్బుతుంది. ఉబ్బిన చోట వేసిన మందు ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా రక్తంలో చేరుతుంది. అందుకే ఆ 300లూ 90లూ.

నేను చేసిన ఇంకో తప్పు కూడా చెప్పాలి. చోటు మార్చాను గానీ డోసు సంగతి డాక్టరుగారిని అడగలేదు. మంచి చోట మందు పూర్తిగా పనిచేసి, ఆ రాత్రి అత్తయ్యగారికి చెమటలు, వణుకు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగిస్తే తేరుకున్నారు. నా గుండె మాత్రం తెల్లారేదాకా కుదుటపడలేదు.

మీ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళుంటే ఈ రోజే పొట్ట, తొడలు చేత్తో తడిమి చూడండి. గడ్డ తగిలితే అక్కడ వెయ్యకండి. చోటు మార్చేముందే డోసు తగ్గించాలేమో డాక్టరుగారిని అడగండి. ప్రతిసారీ కిందటి చోటుకి వేలెడు దూరం జరపండి. వాడిన సూదే మళ్ళీ వాడకండి. నేనైతే కేలండరు మీద "కుడి", "ఎడమ", "తొడ" అని రాసుకుంటున్నాను.

అన్నట్టు, లడ్డూ మాటకి అత్తయ్యగారికి క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీలేవే" అని నవ్వేశారు.