ఇంట్లో ఎంతమంది?

మన తెలుగు సంఘం పత్రిక పోయిన సంచిక కాపీలు కొన్ని పోస్టులో తిరిగొచ్చాయి. ఏటా వచ్చేవే, కొత్తేం కాదు. ఈసారి మాత్రం ఊరికే చిరునామాలు తిరగేస్తుంటే, వాటిలో ఎక్కువ భాగం న్యూజెర్సీలోని హడ్సన్ కౌంటీవే కనిపించాయి. జెర్సీ సిటీ, హోబోకెన్, హ్యారిసన్, మళ్లీ జెర్సీ సిటీ. సరే, ఒకటైనా చేత్తో ఇచ్చొద్దామని ఒక శనివారం జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్‌లో రైలు దిగాను.

అది పాత మూడంతస్తుల ఇల్లు. మెయిల్ బాక్స్ మీద ఆరు ఇంటిపేర్లున్నాయి. రెండు టైపు చేసి అతికించినవి, నాలుగు బాల్‌పెన్నుతో రాసినవి. ఒకదాన్ని కొట్టేసి పక్కనే ఇంకొకటి రాశారు. ఆరూ మన పేర్లే, కృష్ణా జిల్లా నుంచి కరీంనగర్ దాకా. తలుపు తీసిన అబ్బాయి నన్ను వంటింట్లో కూర్చోబెట్టి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు. అరకో పేరు రాసిన టేపు ఉంది. గోంగూర పచ్చడి సీసా మీద తెలుగులో చీటీ: "ఇది మా అమ్మ పంపింది. అడిగి తీసుకోండి." నేను వెతుక్కుంటూ వచ్చిన సభ్యుడు పెళ్లై, పాప పుట్టి, ఎనిమిది నెలల కిందటే ఎడిసన్ వైపు వెళ్లిపోయాడట.

ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేశాను. మాటల్లో 2020 సంగతి వచ్చింది. ఆ వేసవిలో సెన్సస్ మనిషి మాస్కు పెట్టుకుని తలుపు తట్టి, ఇంట్లో ఎంతమంది అని అడిగాడట. "లీజులో మా ఇద్దరి పేర్లే ఉన్నాయి అంకుల్. ఉన్నది ఐదుగురం. ఐదుగురని చెప్తే ఓనర్ దాకా పోతుందేమోనని ఇద్దరమే అన్నాం." (మీసం నెరిశాక 'అన్నా' పోయి 'అంకుల్' వచ్చింది. దాన్నెవరూ లెక్క రాయరు.)

ఆ భయానికి ఆధారం లేదు. సెన్సస్‌కు చెప్పిన జవాబును ఇంటి ఓనర్‌కు గానీ, పన్నుల వాళ్లకు గానీ, ఇమిగ్రేషన్ వాళ్లకు గానీ ఇవ్వడం నేరం. పేర్లతో ఉన్న కాగితాలు 72 ఏళ్లు బయటికి రావు. అయినా వీసా మీద బతికే ఇరవై ఐదేళ్ల కుర్రాడు, తలుపు దగ్గర బ్యాడ్జి పెట్టుకున్న మనిషిని చూసి, ఆ చట్టం గుర్తు తెచ్చుకుంటాడా? మనమైనా అదే చేసేవాళ్లం. ఆ ముగ్గురు మాత్రం కౌంటీ లెక్కలోంచి జారిపోయారు.

ఆ కౌంటీ లెక్క సామాన్యమైంది కాదు. న్యూజెర్సీలోని 21 కౌంటీల్లో విస్తీర్ణంలో అతి చిన్నది హడ్సన్, 46 చదరపు మైళ్ల నేల. 2020 లెక్కల్లో అందులో 7,24,854 మంది. అంటే చదరపు మైలుకు సుమారు 15,700 మంది. మన కొలతలో చదరపు కిలోమీటరుకు ఆరు వేల పైచిలుకు. హైదరాబాద్ జిల్లాలో 2011 నాటికే 18 వేలు దాటారు కాబట్టి, ఇదొక ఇరుకా అని చార్మినార్ పక్కన పెరిగినవాళ్లు నవ్వొచ్చు. కానీ సగటు మాయ చేస్తుంది. సికాకస్, కెర్నీల చుట్టూ ఉన్నది చాలావరకు రెల్లు మొలిచిన బురద నేల, రైలు పట్టాలు, గోదాములు. జనంలో ఎక్కువమంది పాలిసేడ్స్ రాతిగట్టు మీదా, హడ్సన్ నది ఒడ్డునా ఉన్నారు. ఆ గట్టు మీద గటెన్‌బర్గ్ అనే ఊరుంది. మొత్తం కలిపి చదరపు మైలులో ఐదో వంతు. అందులో 12,017 మంది. నలభై నాలుగేసి అంతస్తుల గెలాక్సీ టవర్లు మూడు అక్కడే ఉన్నాయి. అమెరికాలోకెల్లా కిక్కిరిసిన ఊరిగా దానికి పేరు. చదరపు కిలోమీటరు లెక్కకు మారిస్తే అది హైదరాబాద్ జిల్లానూ దాటేస్తుంది.

ఇంకో ముచ్చట. 1930లోనే ఈ కౌంటీలో 6,90,730 మంది ఉండేవారు. రేవులు, రైళ్లు, సబ్బుల ఫ్యాక్టరీ, పెన్సిళ్ల ఫ్యాక్టరీ, ఎల్లిస్ ద్వీపంలో దిగి ఇటువైపు రైలెక్కకుండా ఇక్కడే ఆగిపోయిన ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కుటుంబాలు. తర్వాత ఓడల సరుకు కంటైనర్లలోకి మారి నెవార్క్, ఎలిజబెత్ రేవులకు తరలిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉన్నవాళ్లు కార్లు కొనుక్కుని శివార్లకు వెళ్లారు. 1990 నాటికి మిగిలింది 5,53,099. నది ఒడ్డున కోల్గేట్ ఫ్యాక్టరీ పోయి దాని పెద్ద గడియారం ఒక్కటే మిగిలినట్టు. ఖాళీ అయిన రైలు యార్డుల మీదే తర్వాత అద్దాల మేడలు లేచాయి. 2010 నుంచి పదేళ్లలో తొంభై వేల మందికి పైగా పెరిగారు. 1930 నాటి అంకెను దాటడానికి తొంభై ఏళ్లు పట్టిందన్నమాట.

ఈ నింపుడులో మన పాలు తక్కువేం కాదు. కౌంటీలో పది మందిలో నలుగురికి పైగా వేరే దేశంలో పుట్టినవాళ్లు. సగానికి పైగా ఇళ్లలో ఇంగ్లీషు కాని భాషే మాట్లాడతారు. స్పానిష్‌దే పైచేయి. యూనియన్ సిటీని క్యూబా వాళ్లు ఒకప్పుడు హడ్సన్ ఒడ్డు హవానా చేసుకున్నారు, ఇప్పుడు అక్కడ డొమినికన్లు, ఈక్వడార్ వాళ్లూ కలిశారు. జెర్సీ సిటీలో ఈజిప్టు నుంచి వచ్చిన కోప్టిక్ క్రైస్తవులున్నారు, ఫిలిప్పీన్స్ వాళ్లున్నారు. జర్నల్ స్క్వేర్ పక్కన నెవార్క్ అవెన్యూలో గుజరాతీలు వేసిన బజారులోనే మనం కరివేపాకు కొనుక్కుంటాం.

ఆ బజారు అంత సుఖంగా ఏం పుట్టలేదు. 1987లో 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న ముఠా, మన ఆడవాళ్ల బొట్టును వెక్కిరిస్తూ, భారతీయులను ఇక్కడినుంచి తరిమేస్తామని స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. ఫోన్ డైరెక్టరీలో ఇంటిపేర్లు చూసి మరీ ఇళ్లు పట్టుకుంటామన్నది అందులోని బెదిరింపు. అదే ఏడాది హోబోకెన్‌లో ఒక భారతీయ యువకుడిని మూక కొట్టి చంపింది. అప్పట్లో జాబితాలో పేరుండటమే ప్రమాదమైంది. ఇవాళ మెయిల్ బాక్స్ మీద ఆరు పేర్లు బాహాటంగా రాసుకుంటున్న కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు. నేను చెప్పలేదు కూడా.

మరి హడ్సన్ కౌంటీలో తెలుగువాళ్లం ఎంతమందిమి? పదేళ్లకోసారి వచ్చే ఫారంలో భాష ప్రశ్నే లేదు. 'ఏషియన్ ఇండియన్' అన్న గడిలో గుర్తు పెడతాం, అంతటితో గుజరాతీ, పంజాబీ, తెలుగు అన్నీ ఒకే బస్తాలో పడతాయి. భాష అడిగేది అమెరికన్ కమ్యూనిటీ సర్వే. అది ఏటా దేశం మొత్తం మీద సుమారు 35 లక్షల చిరునామాలకే వెళ్తుంది. ఆ పట్టికల్లో 2016 నుంచి తెలుగుకు సొంత వరుస ఉంది. సంతోషమే. కానీ ఆ వరుసలోకి ఎక్కాలంటే ఆ కవరు మన ఇంటికే రావాలి, వచ్చినదాన్ని చెత్త ప్రకటన అనుకుని పారేయకూడదు, ఇంట్లో ఐదుగురుంటే ఐదుగురనే రాయాలి. మూడూ ఒకే ఇంట్లో జరగడం అరుదు. లెక్కలోకి ఎక్కితే ఏం ఒరుగుతుంది అంటారా? ఒక కౌంటీలో ఓటు వయసు పౌరుల్లో ఇంగ్లీషు సరిగా రానివాళ్లు ఫలానా భాషకు పది వేలు దాటినా, ఐదు శాతం దాటినా బ్యాలెట్ ఆ భాషలో కూడా అచ్చువేయాలని చట్టం. మనవాళ్లకు ఇంగ్లీషు వచ్చు, పౌరసత్వం ఇంకా రాలేదు. కాబట్టి ఆ రోజు దగ్గర్లో లేదు. బస్సులు, బడులు, ఆసుపత్రుల డబ్బు మాత్రం పౌరులనీ కానివారనీ చూడదు. తలల లెక్కనే వస్తుంది.

అయితే సెన్సస్ వాళ్లను ఆడిపోసుకునే ముందు మన ఫారం చూసుకోవాలి. మన సభ్యత్వ పత్రంలో మొదటి గడి 'కుటుంబ యజమాని'. రెండోది జీవిత భాగస్వామి, మూడోది పిల్లల పేర్లు, వయసు. నాలుగోది శాశ్వత చిరునామా. జర్నల్ స్క్వేర్ ఇంట్లో ఆ ఆరుగురిలో ఒక్కరైనా ఈ నాలుగు గడుల్లో ఎక్కడ సరిపోతారు? హడ్సన్ కౌంటీలో మూడిళ్లకు రెండు అద్దెవే. అక్కడ తెలుగువాడు ఉద్యోగంలో చేరినప్పుడు దిగుతాడు, పాత్ రైలులో పావుగంటలో మన్‌హాటన్ చేరతాడు, పిల్లలు బడికి పోయే ఈడొచ్చేసరికి ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీకి కదులుతాడు. ఇల్లు కొన్నాక, బ్రిడ్జ్‌వాటర్ గుడిలో ఎవరో పరిచయం చేశాక, అప్పుడు మన జాబితాలోకి ఎక్కుతాడు. ఒంటరిగా ఉండి, పండగ రోజు ఎవరైనా పిలిస్తే బాగుండు అనుకున్న ఆ నాలుగైదేళ్లూ మన లెక్కలో లేడు. ఉగాదికి హాలు నిండలేదని కమిటీలో వాపోతాం. నింపేవాళ్లకు కబురే పంపలేదు.

ఈ మాట కమిటీలో అన్నాను. 'వాళ్లు ఉండేవాళ్లు కాదు కదా, వాళ్లకెందుకు' అన్నారు ఒక పెద్దాయన. ఆయనా 1990ల్లో జెర్సీ సిటీలో నలుగురితో కలిసి గది పంచుకున్నవారే. ఆ సంగతి గుర్తు చేస్తే కాసేపు ఊరుకుని, అప్పటి అద్దె ఎంతో చెప్పడం మొదలుపెట్టారు.

ఈ సంచికతో పాటు కొత్త ఫారం జతచేస్తున్నాం. అందులో యజమాని గడి లేదు. 'ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు' అని ఎనిమిది ఖాళీ గీతలున్నాయి. శాశ్వత చిరునామా బదులు 'ఇప్పుడు ఉంటున్న చోటు' అని ఉంటుంది, మారితే ఫోనులో మెసేజ్ పెడితే చాలు. విద్యార్థులకూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకూ చందా లేదు. లీజులో పేరుందా లేదా అని ఎవరూ అడగరు.

జర్నల్ స్క్వేర్ ఇంటికి కూడా ఒక కాపీ పోస్టు చేస్తున్నాను. కవరు మీద ఎవరి పేరు రాయాలో తేలక ఆరూ రాశాను. చోటు చాలక చివరి పేరు కవరు వెనక్కి వెళ్లింది.