కల్తీపై గోల సరే.. పచ్చిపాలలో క్రిముల సంగతేంటి?

డెంగీ సీజన్ వచ్చిందంటే చాలు, బస్తీల్లో మేకపాల కోసం వెతుకులాట మొదలవుతుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఒకరు చెప్తారు. కాచకుండా తాగితేనే పనిచేస్తుందని ఇంకొకరు కలుపుతారు. పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. పచ్చి మేకపాలతో బ్రూసెల్లా అనే క్రిమి ఒంట్లోకి వస్తుందనడానికి మాత్రం వందేళ్లకు పైగా రుజువుంది.

మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికుల్ని పట్టి వదలని జ్వరానికి కారణమైన ఈ క్రిమిని 1887లో డాక్టర్ డేవిడ్ బ్రూస్ కనుక్కున్నారు. ఎక్కడినుంచి వస్తోందో తేలడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిత్ పరీక్షిస్తే అక్కడి మేకల్లో జాడ దొరికింది. చూడ్డానికి అవి నిక్షేపంగా ఉన్నాయి. మరుసటి ఏడాది సైన్యానికి మేకపాలు ఆపగానే జ్వరాలు తగ్గిపోయాయి.

మన దగ్గర పాలంటే చర్చంతా కల్తీ మీదే. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 నమూనాలు తీసుకుంటే, ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే (అందులో ఎక్కువ తెలంగాణవే, అది వేరే కథ). యూరియా, డిటర్జెంట్ టీవీలో బాగా కనిపిస్తాయి. పశువు ఒంట్లోంచే వచ్చే క్రిమి కెమెరాకు చిక్కదు కదా!

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. 2019 సెప్టెంబర్‌లో మథురలో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకంలో గాలికుంటుతో పాటు బ్రూసెల్లా కూడా ఉంది. 4 నుంచి 8 నెలల ఆవు, గేదె పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేస్తారు. గాలికుంటు టీకా జాబితాలో మేకలు, గొర్రెల్నీ చేర్చారు. బ్రూసెల్లా టీకాకు వచ్చేసరికి అవి లేవు. మనుషుల్ని గట్టిగా పట్టేదేమో మేకలు, గొర్రెల్లో ఉండే రకమే. ఇదే పెద్ద లోపం.

ఇప్పటికే రోగమున్న పశువు సంగతి ఇంకా చిక్కు. చాలా దేశాలు పరీక్షించి, రోగమున్నదాన్ని వధించి, రైతుకు డబ్బు కట్టిచ్చి దీన్ని వదిలించుకున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో 1977 చట్టం ప్రకారం ఆవును వధించకూడదు. ఇక లక్ష దాకా పలికే గేదె ఈసుకుపోతే, పరిహారం చేతికొస్తుందన్న నమ్మకం లేని రైతు ఏం చేస్తాడు? చెప్పకుండా సంతలో అమ్మేస్తాడు. రోగం ఇంకో కొట్టంలోకి వెళ్తుంది. నష్టమంతా ఒక్కడి నెత్తిన పడేలా ఉంటే దాచడమే అతనికి లాభసాటి.

ఇంట్లో మాత్రం ఉపాయం చవక. పాలు పొంగు వచ్చేదాకా కాచితే బ్రూసెల్లా, సాల్మొనెల్లా, టీబీ క్రిములు చస్తాయి. డెయిరీల్లో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేసినా సరిపోతోంది. ఒక్క మెలిక ఉంది. పొదుగువాపున్న గేదె పాలలో ఉండే స్టాఫ్ క్రిమి, పాలు గంటల తరబడి బయటుంటే విషం వదులుతుంది. కాచినా ఆ విషం పోదు. రంజాన్‌లో షీర్ ఖుర్మా కోసం చాలా ముందే తెచ్చిన పచ్చిపాలను వంటింటి గట్టు మీద వదిలేసే ఇళ్లు ఇది చూసుకోవాలి.

కొట్టంలో పనిచేసేవాళ్లకు పాలు తాగకున్నా ముప్పే. ఈసుకుపోయిన పశువు మాయను వట్టి చేతులతో తీస్తే క్రిమి అంటుకుంటుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుంనొప్పి, కీళ్లనొప్పులు చూసి టైఫాయిడ్ అనుకుని మందులు మింగేవాళ్లున్నారు. దీనికి రెండు రకాల యాంటీబయోటిక్స్ ఆరు వారాలు వాడాలి. పచ్చిపాలు తాగామనో, పశువుల దగ్గర పనిచేస్తామనో డాక్టర్‌కు చెప్తేనే ఆ పరీక్ష రాస్తారు.