ఉక్కు వంతెనకు ఇంకెన్నేళ్లు?

2018 జులైలో కేంద్రం లారీల యాక్సిల్ బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్లుండే ఒంటి యాక్సిల్‌కు అంతకుముందు 10.2 టన్నులే అనుమతి, ఇప్పుడు 11.5 టన్నులు. సరుకు రవాణా ఖర్చు తగ్గుతుందన్నారు. తగ్గుతుంది కూడా. కానీ ఆ మిగులులో కొంత ఉక్కు వంతెనల ఆయుష్షు నుంచి తీసుకున్నదే.

పెరిగిన బరువు ఎనిమిదో వంతే కదా అనిపిస్తుంది. వంతెనకు జరిగే నష్టం ఆ లెక్కన పెరగదు. లారీ దాటిన ప్రతిసారీ ఉక్కులో ఒత్తిడి పెరిగి తగ్గుతుంది. వెల్డింగ్ అతుకుల్లో జరిగే నష్టం ఆ హెచ్చుతగ్గుల ఘనాన్ని బట్టి ఉంటుంది. 11.5ను 10.2తో భాగించి ఘనం కట్టండి, 1.43 వస్తుంది. అంటే చక్రాల బరువు నేరుగా పడే భాగాల్లో నిండు యాక్సిల్ చేసే నష్టం 43 శాతం ఎక్కువ. అన్నీ అలాంటివే తిరిగితే పదేళ్లు రావాల్సిన అతుకు ఏడేళ్లకే తీరిపోతుంది.

అతుకు ఎలా తీరిపోతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని కనెక్టికట్‌లో యెల్లో మిల్ పాండ్ వంతెన మీద 1958లో రాకపోకలు మొదలయ్యాయి. గర్డర్ల అడుగున బలం కోసం అదనంగా ఒక ఉక్కు పలక వెల్డ్ చేశారు. ఆ పలక ఆగిపోయే చోట, వెల్డింగ్ అంచున, ఒత్తిడంతా పోగుపడుతుంది. 1970లో చూసేసరికి ఒక గర్డరు అడుగునున్న అడ్డ పలక (ఫ్లాంజ్) తెగిపోయి, పగులు నిలువు పలకలోకి ఎగబాకింది. పన్నెండేళ్లు! బలానికని అతికించిన ముక్కే పగులుకు పుట్టిల్లయింది. లీహై విశ్వవిద్యాలయంలో జాన్ ఫిషర్ బృందం ఇలాంటి అతుకులను ఏళ్ల తరబడి పరీక్షించింది. అమెరికా నిబంధనల్లో ఫెటీగ్‌ను, అంటే పదేపదే ఒత్తిడి పడి వచ్చే పగులును, తట్టుకోవడంలో ఈ పలకల చివరలు ఇప్పటికీ అట్టడుగు తరగతుల్లోనే ఉన్నాయి.

ఇలాంటి పగులు మొదట్లో వెంట్రుకంత గీత. దాని మీద పెయింటు చిట్లి, లోపలి నుంచి తుప్పు ఎర్రగా చారకట్టి ఉంటుంది. చేతికందేంత దగ్గరికి వెళ్లి, దుమ్ము తుడిచి, టార్చి వేసి చూస్తేనే దొరుకుతుంది. ఒడ్డున నిలబడి రాసే తనిఖీ నివేదికలో అది ఎప్పటికీ ఉండదు.

మిగిలిన ఆయుష్షు లెక్కలో మరో చిక్కు ఉంది. ఎంత ఒత్తిడిని అతుకు ఎన్నిసార్లు తట్టుకుంటుందో చూపే నిబంధనల్లోని ఫెటీగ్ గీతలను జాగ్రత్త కోసం కాస్త కిందికే గీస్తారు. పరీక్షించిన నమూనాల్లో చాలా భాగం ఆ గీత దాటి బతికినవే. అందుకే కాగితం మీద ఆయుష్షు అయిపోయిన వంతెన కళ్లెదుట నిక్షేపంగా ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని కూల్చేయమనే వాళ్లతో నేను ఏకీభవించను. ఇన్నాళ్లు నిలిచింది, ఇంకెన్నాళ్లైనా నిలుస్తుందిలే అనేవాళ్లతో అసలే ఏకీభవించను. కొలవాలి. అనుమానమున్న అతుకుల దగ్గర ఉక్కు సాగుడును కొలిచే స్ట్రెయిన్ గేజ్‌లు అంటించి, కొన్ని వారాల రద్దీని నమోదు చేయాలి. పైనున్న శ్లాబు కూడా బరువు పంచుకుంటుంది కాబట్టి కొలిచిన ఒత్తిడి లెక్కగట్టినదాని కంటే తక్కువ రావడం మామూలే. 30 శాతం తక్కువొస్తే చాలు, అదే ఘనం పుణ్యమా అని ఆయుష్షు దాదాపు మూడింతలవుతుంది. కోట్లు పోసి కట్టాల్సిన కొత్త వంతెన కొన్నేళ్లు ఆగొచ్చు. ఎక్కువొస్తే మాత్రం ఆ రోజు నుంచే భారీ లారీలను ఆపాలి.

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు కం రైలు వంతెన 1974లో రాకపోకలకు తెరుచుకుంది. పైన బస్సులు, కింద రైళ్లు, మోసే ఉక్కు చట్రం (ట్రస్) ఒక్కటే. రెండు రద్దీలూ దాని ఖాతాలోనే పడతాయి. ఇంకెన్నేళ్లు ఉంటుందని గోదావరి జిల్లాల వాళ్లు అడిగితే, కట్టిన సంవత్సరం చెప్పి సరిపెట్టకూడదు. ఏ అతుకు ఎంత ఒత్తిడిని ఎన్నిసార్లు చూసిందో చెప్పాలి.

జాతీయ రహదారుల వంతెనల వివరాలకు కేంద్రం 2016లో ప్రత్యేక వ్యవస్థ తెచ్చింది. అందులో ప్రతి ఉక్కు వంతెన పేరు ఎదుట కొలిచిన ఒత్తిడి, కొలిచిన తేదీ, మిగిలిన ఏళ్ల అంచనా జనం చూసేలా ఉండాలి. మళ్లీ యాక్సిల్ పరిమితి పెంచాలనుకుంటే, ఆ అంచనాలను కొత్త బరువుతో తిరిగి కట్టి, ముసాయిదాతో పాటే బయటపెట్టాలి.