అంతా టెన్షనేనా?

మొన్న రాత్రి రెండున్నరకి వాన పట్టుకుంది. లేచి వంటింటి తలుపు తీసి, సంపు మూత మీదికి టార్చి వేసి చూశాను. నీళ్లు రాలేదు. వీధి కాలువ పొంగలేదు. వచ్చి పడుకున్నాను. పావుగంటకి మళ్లీ లేచాను. మా ఆయన అటు తిరిగి పడుకునే, "ఊరికే టెన్షన్ పడతావెందుకు, పడుకో" అన్నారు. మంచి మనిషే, కోపం రాలేదు. కానీ ఆ 'టెన్షన్' అన్న మాట తెల్లవారేదాకా నా చెవిలోనే ఉండిపోయింది.

మా ఇంట్లో అన్నిటికీ అదే మాట. పిల్లవాడి ర్యాంకుకీ అదే, గ్యాస్ అయిపోయినా అదే, మామగారికి షుగర్ పెరిగినా అదే. మీ ఇంట్లోనూ అంతేనేమో. అన్ని నొప్పులకీ ఒకే మాత్ర ఇచ్చే ఆర్‌ఎంపీ డాక్టరులాంటి మాట అది.

నేను బి.ఏ. తెలుగు చదివాను. దానివల్ల ఉద్యోగమైతే రాలేదు గానీ మాటల పిచ్చి మిగిలింది. పుస్తకాల్లో 'ఆందోళన' అని రాస్తారు. సంస్కృతంలో ఆ మాటకి ఊగడం అని అర్థం. ఇప్పుడు పేపరు తెరిస్తే ఆందోళన అంటే ధర్నా. ఇంట్లో ఏ ఆడమనిషీ "నాకు ఆందోళనగా ఉంది" అనగా నేను వినలేదు. మా అవ్వ, మా అమ్మ వేరే మాటలు వాడేవాళ్లు. హాస్టల్లో ఉన్న పిల్ల మీద ఉండేది బెంగ. రాబోయేదేదో తెలియక కడుపులో తిరిగేది గుబులు. చేతులూ కాళ్లూ ఒకచోట నిలవకపోతే కంగారు. జరిగిపోయినది గుండె మీద కూర్చుని లేవకపోతే దిగులు. నిఘంటువు ఇంత కచ్చితంగా విడదీయదు, ఇది మా ఇంటి లెక్క. నా మాట ఏమిటంటే, ఏది పట్టిందో పేరు తెలిస్తే ఏం చెయ్యాలో సగం తెలుస్తుంది. 2007లో లాస్ ఏంజెలెస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు కూడా మనసులోని భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికి సంబంధించిన భాగం ఉధృతి తగ్గుతుందని పరీక్షించి చూపించారు.

వాన నాకు గుబులు. అది ఎప్పుడు మొదలైందో కూడా తెలుసు. 2021 నవంబరు. తిరుపతి వాళ్లెవరూ ఆ రోజులు మరిచిపోరు. కపిలతీర్థం మీద నీళ్లు విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, వీధులు కాలువలయ్యాయి. శ్రీకృష్ణానగర్‌లో ఒకరింట్లో నేలలో దించిన సిమెంటు రింగుల తొట్టి పైకి లేచి నిలబడితే జనం పోయి చూసొచ్చారు. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. నాకు ఆ ధ్యాసే లేదు. మా పుట్టిల్లు రాయలచెరువు కింద పల్లె. కట్టకి లీకు పడింది, కింది ఊళ్లు ఖాళీ చెయ్యమంటున్నారని టీవీలో వస్తోంది.

అమ్మకి ఫోన్ చేశాను. "ఆవులుండాయి పాపా, వాటినిడిసిపెట్టి యాడికి రావాల?" అంది. అంతే, ఫోన్ ఆగిపోయింది. ఊళ్లో కరెంటు లేదు, చార్జింగ్ అయిపోయిందని తర్వాత తెలిసింది గానీ ఆ రాత్రి నాకెలా తెలుస్తుంది? తెల్లవార్లూ అదే నంబరు నొక్కుతూ కూర్చున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం మా చిన్నాన్న కొడుకు ఆవుల కట్లు విప్పేసి, అమ్మని మెరకలో ఉన్న చుట్టాలింటికి తీసుకొచ్చాడు. సాయంత్రం అమ్మ ఆ ఇంటివాళ్లని పసుపు గుడ్డ అడిగి, రూపాయి బిళ్ల మూటకట్టి, ముడుపు స్వామి పటం ముందర పెట్టి, చెయ్యి కడుక్కుని పడుకుంది. హాయిగా నిద్రపోయింది. నాకే పట్టలేదు.

కట్ట తెగలేదు. ముడుపు వల్లే నిలిచిందని నేననను. అక్కడ రాత్రింబవళ్లు ఇసుక మూటలు మోసినవాళ్లున్నారు. నేను చూసింది ముడుపు అమ్మకి ఏం చేసిందన్నది. తన చేతనైనది అయిపోయింది. చేతకానిదాన్ని గుడ్డలో కట్టి, తన చేతిలోంచి తీసి ఇంకొక చోట పెట్టేసింది. 1980లలో అమెరికాలో బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు ఇదే చెప్పాడు. రోజూ ఒకే చోట, ఒకే వేళ, అరగంట కూర్చుని బెంగలన్నీ పడండి, మిగతా వేళల్లో వస్తే 'ఆ వేళకి చూద్దాంలే' అని వాయిదా వెయ్యండి అని. మా అమ్మ ఆయన పేరు వినలేదు.

నాకు భక్తి కొంచెం తక్కువ, కాబట్టి నాది నోటుపుస్తకం ముడుపు. సాయంత్రం కాఫీ తర్వాత పాలలెక్క పుస్తకం వెనక పేజీలో, ఏది భయమో ఒక పక్క, దానికి నేను చెయ్యగలిగిన ఒక్క పని ఇంకో పక్క రాస్తాను. పావుగంట చాలు. వాన గురించి అలా రాయగా రాయగా మూడు పనులు తేలాయి. మోటారు స్విచ్‌బోర్డు మూడడుగులు పైకి మార్పించాం. పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో అటకెక్కాయి. అమ్మకి బటన్ ఫోన్ ఒకటి అదనంగా కొనిచ్చాం, దాని చార్జింగ్ నాలుగు రోజులు వస్తుంది. గుబులు పోలేదు. రాత్రికి పదిసార్లు లేచేదాన్ని రెండుసార్లు లేస్తున్నాను.

బెంగకి మందు సులువు, ఒక్క ఫోన్. కాకపోతే వేళ పెట్టుకుని చెయ్యాలి, పిల్లలు విసుక్కోకుండా. కంగారుకి ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలడం నాకు పనిచేసింది. నడక కూడా. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాళ్లకి తెలుసు, మోకాళ్లు మాట్లాడడం మొదలుపెట్టాక తలలో మాటలు ఆగుతాయి. రోజూ కొండెక్కలేం కదా, వీధి చివరిదాకా చాలు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మనశ్శాంతికి చిట్కాలు చెప్పేవాళ్లంతా తెల్లారి అయిదుకి లేచి ధ్యానం, ప్రాణాయామం, డైరీ అంటారు. అయిదుకి లేచి పాలు కాచే మనిషికి నాలుగున్నరకి లెమ్మని చెప్పడమే అది. శాంతి కూడా ఇంకొక ఇంటిపని అయిపోతే ఎలా? ఒకటి చేర్చాలంటే ముందు ఒకటి తీసెయ్యాలి. నేను రాత్రి గిన్నెలు మా ఆయనకి అప్పజెప్పాను. మొదటి వారం మూకుడు అడుగున జిడ్డు అలాగే ఉండేది. నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడమే నేను చేసిన అసలు సాధన.

ఇక దిగులు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మా చిన్నప్పుడు తొలకరికి ముందు విత్తనానికి చెనక్కాయలు ఒలవడానికి వీధి ఆడవాళ్లంతా మా తిన్నె మీద చేరేవాళ్లు. చేతులు ఒలుస్తుంటాయి, చూపులు కాయల మీద ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూడరు కాబట్టే, తాగొచ్చే మొగుడి గురించీ, పోయిన బిడ్డ గురించీ చెప్పుకోగలిగేవాళ్లు. ఎవరూ సలహా ఇచ్చేవాళ్లు కాదు. "అవును మే" అనేవాళ్లు, అంతే. ఇప్పుడు మా వీధిలో అయిదారుగురం కొత్త చింతపండు కలిపి కొని, మేడ మీద కూర్చుని గింజలు తీస్తాం. చింతపండు దగ్గర చింతలు చెప్పుకుంటామన్నమాట. కిలోకి అయిదో పదో మిగులుతుందని ఇంట్లో చెబుతాం గానీ అందుకు కాదు.

అయితే మాటలకి లొంగని దిగులూ ఉంటుంది. మా వదినకి భర్త పోయాక అలాంటిది పట్టుకుంది. గుడికి తిప్పాం, ఓదార్చాం, "పిల్లల మొహం చూసి ధైర్యం తెచ్చుకో" అన్నాం. తొమ్మిది నెలలు అలా గడిపేశాం. 'పిచ్చి డాక్టరు' దగ్గరికి అని ఎవరైనా అంటారని మా భయం. ఆ తొమ్మిది నెలలు ఆమెకి మేము చేసిన అన్యాయమే. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకి ఒక రోజు తనంతట తానే తల దువ్వుకుని, "కూరేం చేస్తావు?" అని అడిగింది. రెండు వారాలు దాటినా నిద్రా, తిండీ, పని మీద ఆసక్తీ తిరిగి రాకపోతే డాక్టరుకి చూపించాలి. మన రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బయటికి వెళ్లలేనివాళ్లకి 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు అది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. నలభై దాటినవాళ్లు గుండెదడ అంతా మనసుదే అనుకోకుండా థైరాయిడ్, రక్తం కూడా ఒకసారి చూపించుకోండి. నాకు హిమోగ్లోబిన్ తక్కువని అలాగే తెలిసింది.

వాన పడిన మర్నాడు పొద్దున టిఫిన్ పెడుతూ మా ఆయనకి చెప్పాను, అది టెన్షన్ కాదు, గుబులు అని, అమ్మ ఫోన్ ఎత్తని రాత్రి నుంచి ఉందని. ఆయన ఇడ్లీ తింటూ విన్నారు. ఏమీ అనలేదు.

నిన్న రాత్రి మళ్లీ ఉరిమింది. నేను లేవబోతుంటే ఆయనే టార్చి తీసుకుని వెళ్లొచ్చి, "కాలువ ఇంకా అడుగు కిందే ఉంది" అని పడుకున్నారు. నాకు నిద్ర వెంటనే పట్టలేదు గానీ లేవలేదు. పొద్దున ఆరింటికి అమ్మ ఫోన్.

"ఆడ వాన పడిందా పాపా?"

"బాగానే పడింది మా. నువ్వు జాగర్త."

"ఈడ రెండు చినుకులే. చెరువు ఎండిపోతాంది. ఇంకో నాలుగు వానలు పడితే బాగుండు."