పాత పడవ ఇంజిన్‌కు ముందు కొలత, తర్వాతే మరమ్మతు

నిన్నటిదాకా నిండు వలతో అలలను చీల్చుకుంటూ వచ్చిన పడవ ఇవాళ ఖాళీగా ఉన్నా ముందుకు సాగదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా ఇంజిన్ వేగం అందుకోదు. తీరంలో దీనికి 'పికప్ పోయింది' అనే మాట స్థిరపడింది. ఆ మాట వినగానే ప్లగ్గులు మారుస్తారు, కార్బురేటర్ విప్పుతారు, చివరికి బోరు పోయిందని తేల్చేస్తారు. డబ్బు ఖర్చవుతుంది కానీ లోపం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. పాత టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజిన్లలో ఆ లోపం స్పార్క్ పడే సమయంలో ఉండవచ్చు. దాన్ని ఊహించి కాదు, కొలిచి తెలుసుకోవాలి.

నిమిషానికి 5,000 సార్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకు పట్టే కాలం 12 మిల్లీసెకన్లు. ప్రతి చుట్టుకూ సిలిండర్‌లో ఒక స్పార్క్ పడాలి. అయితే స్పార్క్ పడగానే ఇంధన మిశ్రమం మొత్తం ఒక్కసారిగా మండదు. మంట వ్యాపించడానికి ఒక మిల్లీసెకను పడుతుందనుకుంటే, ఆలోపే క్రాంక్ షాఫ్ట్ 30 డిగ్రీలు తిరిగిపోతుంది. అదే 1,000 చుట్ల వేగంలో అయితే 6 డిగ్రీలే తిరుగుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ, పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. చాలా పాత అవుట్‌బోర్డ్‌లలో హ్యాండిల్ తిప్పినప్పుడు ఒక లింకు ఫ్లైవీల్ కింది ప్లేటును కదిలించి ఈ పని చేస్తుంది.

స్పార్క్ ఆలస్యమైతే, పిస్టన్ అప్పటికే దిగిపోతుండగా పీడనం పెరుగుతుంది. శక్తి తగ్గి, వేడి పొగగొట్టం వైపు పోతుంది, పెట్రోలు వృథా అవుతుంది. మరీ ముందుగా పడితే పైకి వస్తున్న పిస్టన్‌నే పీడనం ఎదిరిస్తుంది. ఇంజిన్ కొట్టుకుంటుంది, పిస్టన్‌కు చిల్లు పడే ప్రమాదమూ ఉంది. పికప్ కోసం చెవితో వింటూ టైమింగ్ స్క్రూ తిప్పడం అందుకే ప్రమాదకరం.

వెతకడానికి ఒక వరుస ఉంది. ఇంజిన్ వేగం పెరుగుతున్నా పడవ కదలకపోతే, ప్రొపెల్లర్ లోపలి రబ్బరు జారుతోందేమో చూడాలి. ఇంజిన్ వేగమే పెరగకపోతే మొదట ప్రతి సిలిండర్‌లో కంప్రెషన్ కొలవాలి, తర్వాత స్పార్క్ బలం, ఆ తర్వాత పెట్రోలు సరఫరా చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నాకే టైమింగ్ దగ్గరకు రావాలి. పాయింట్లున్న ఇంజిన్లలో అవి అరిగి సందు తగ్గితే స్పార్క్ ఆలస్యమవుతుంది. ఉప్పుగాలికి లింకులు బిగుసుకుంటే ప్లేటు పూర్తిగా కదలదు. కాయిల్ బలహీనపడితే చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచిన ఇంజిన్ వేడెక్కాక నీరసిస్తుంది.

టైమింగ్ కొలవడానికి టైమింగ్ లైట్ ఉంది. ప్లగ్గు తీగకు తగిలిస్తే స్పార్క్ పడిన ప్రతిసారీ అది వెలుగుతుంది. వేగంగా తిరిగే ఫ్లైవీల్ మీది గుర్తు ఆ వెలుగులో నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. ఇంజిన్‌ను మాత్రం నీళ్లలోనే నడపాలి. నీళ్లు లేకుండా నడిపితే చల్లబరిచే పంపు చెడిపోతుంది.

అయితే ఈ లైటూ ఒక్కోసారి మోసం చేస్తుంది. ఫ్లైవీల్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న కీ నలిగితే ఫ్లైవీల్ కాస్త జరుగుతుంది. స్పార్క్‌కు సంకేతమిచ్చే అయస్కాంతమూ, డిగ్రీల గుర్తులూ ఫ్లైవీల్ మీదే ఉన్న ఇంజిన్లలో రెండూ కలిసే జరుగుతాయి. అప్పుడు టైమింగ్ తప్పినా లైటు సరిగానే ఉందని చూపిస్తుంది. అందుకే ముందుగా ప్లగ్గు రంధ్రం గుండా డయల్ గేజ్‌తో పిస్టన్ పై అంచుకు చేరే చోటును పట్టుకోవాలి. అక్కడ ఫ్లైవీల్ గుర్తు సున్నా చూపుతోందా లేదా అని సరిచూడాలి. పరికరాన్ని నమ్మేముందు దాని సున్నాను పరీక్షించడం విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠం. సముద్రం మీదికి వెళ్లే ఇంజిన్‌కూ అదే వర్తిస్తుంది.

పాత టూ-స్ట్రోక్‌లను తీసేసి ఫోర్-స్ట్రోక్‌లు పెట్టాలన్న వాదనలో న్యాయం ఉంది. అవి తక్కువ ఇంధనంతో, తక్కువ పొగతో నడుస్తాయి. కానీ కొత్త ఇంజిన్ కొనలేని కుటుంబం రేపు కూడా పాతదానితోనే వేటకు వెళ్తుంది. చెవితోనే లోపం పట్టే మెకానిక్‌ల అనుభవమూ విలువైనదే. అయితే నలిగిన కీ చెవికి వినిపించదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవల వేటకు విరామం. ఆ రోజుల్లో ఒక్కో జెట్టీ దగ్గర ఒక కంప్రెషన్ గేజ్, ఒక టైమింగ్ లైట్, ఒక డయల్ గేజ్ అందరికీ అందుబాటులో ఉంచాలి. స్థానిక మెకానిక్‌లకు వాటి వాడకం నేర్పాలి. ఒక్కో ఇంజిన్ కొలతలను పుస్తకంలో రాసి ఉంచితే, మరుసటి ఏడాది తేడా వెంటనే తెలుస్తుంది. ఇందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. గాలి ఎదురు తిరిగిన రోజున పడవ ఒడ్డుకు చేరడం ఆ కొన్ని డిగ్రీల మీదే ఆధారపడి ఉండవచ్చు.