క్లోమం వాచిందని కడుపు మాడ్చొద్దు!

‘లంఖణం పరమౌషధం’ అన్నది పెద్దల మాట. క్లోమగ్రంథి హఠాత్తుగా వాచే అక్యూట్ పాంక్రియాటైటిస్‌కు వైద్యులూ చాలాకాలం ఇదే పాటించారు. నొప్పి పూర్తిగా తగ్గి, రక్తంలో అమైలేజ్, లైపేజ్ మామూలు స్థాయికి వచ్చేదాకా సెలైనే దిక్కు. తింటే జీర్ణరసాలు ఊరి వాపు ముదురుతుందన్నది అప్పటి భయం.

ఇప్పుడు ఆలోచన మారింది. రోజుల తరబడి ఖాళీగా ఉంటే పేగుల లోపలి పొర బలహీనపడుతుంది. అక్కడి బ్యాక్టీరియా బయటపడి, దెబ్బతిన్న క్లోమానికి చేరే ముప్పు ఉంటుంది. అందుకే తట్టుకోగలిగినవారికి 24 గంటల్లోపే నోటి ద్వారా ఆహారం మొదలుపెట్టాలని 2018లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ సూచించింది. జబ్బు ముదిరే ముప్పున్న 208 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగి, 2014లో వెలువడిన పరీక్షలో కొందరికి వెంటనే ముక్కు గొట్టం వేశారు. మిగతావారికి మూడు రోజులయ్యాక నోటి ద్వారా ఆహారమిచ్చి చూశారు. ఫలితాల్లో తేడా రాలేదు. రెండో బృందంలో మూడింట రెండొంతుల మందికి గొట్టం అవసరమే పడలేదు.

మన దగ్గర చిక్కు మరొకటి. మోస్రాలో నొప్పి మొదలైతే బోధన్, అక్కడి నుంచి నిజామాబాద్, తేడా చేస్తే హైదరాబాద్. ఆస్పత్రి మారినప్పుడల్లా ‘ఏమీ పెట్టొద్దు’ అన్న మాట మళ్లీ మొదటికొస్తే, లంఖణం రోజుల్లోకి వెళ్తుంది. చివరిసారి ఎప్పుడు తిన్నారో రాసి పెట్టుకోండి. ‘ఎప్పుడు తినిపించవచ్చు?’ అని రోజూ డాక్టర్‌ను అడగండి.

వాంతులు ఆగి, నొప్పి తగ్గుతూ, ఆకలి వేస్తుంటే అది మంచి సూచన. జావతోనే మొదలుపెట్టాలనేం లేదు. డాక్టర్ సరేనంటే ఇడ్లీ, మెత్తటి అన్నం, పలుచటి పప్పు వంటి కొవ్వు తక్కువ ఆహారం కొద్దికొద్దిగా ఇవ్వొచ్చు. ‘నీరసించాడు, బలం రావాలి’ అని మటన్ సూప్, నెయ్యి మాత్రం వద్దు. తిన్నాక నొప్పి పెరిగినా, వాంతులైనా వెంటనే చెప్పాలి. వాంతులు ఆగనివారికి, పేగులు కదలనివారికి, ఐసీయూలో ఉన్నవారికి నిర్ణయం డాక్టర్‌దే. నోటితో తినలేకపోతే సాధారణంగా ముక్కు గొట్టం ద్వారా ఆహారమిస్తారు. రక్తనాళంలోకి పోషకాలు ఎక్కించడం కన్నా ఇదే మేలు, ఇన్ఫెక్షన్ల బెడదా తక్కువ.

తిండి మొదలైందంటే జబ్బు పోయిందని కాదు. పిత్తాశయంలో రాళ్లే కారణమైతే, జబ్బు తీవ్రం కానివారికి డిశ్చార్జికి ముందే ఆపరేషన్ చేయించడం మంచిది. మద్యం కారణమైతే పూర్తిగా మానాల్సిందే. లేదంటే మళ్లీ అదే మంచం, అదే సెలైన్.